రీలు చివర మిగిలిన ఫోటో

ఆ వీధిలో ఎర్రబల్బు స్టూడియో అంటే ఎవరికీ గిట్టదు.

షట్టరు దించి ఏళ్ళు గడిచాయి. స్టూడియో ఆయన పోయాడు. లోపల మనిషి లేడు. అయినా చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళకి షట్టరు సందుల్లోంచి ఎర్రగా వెలుతురు కనిపించేదట. కాసేపు ఉండి... దానంతటదే ఆరిపోయేదట. పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే తల్లులు అక్కడికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవాళ్ళు. నేనూ దాటేదాన్ని.

పక్కన టైలరు దుకాణం. కబుర్ల పుట్ట ఆయన.

"ఆ లోపలి గుమ్మం ముందు ఫోటో దిగినవాళ్ళెవరూ బతికి బట్టకట్టలేదమ్మా" అనేవాడు, సూదిలో దారం ఎక్కిస్తూ. ఎవరు దిగారు, ఎప్పుడు పోయారు అని అడిగితే మాత్రం చెప్పడు. "మనకెందుకులెండి" అని దారం కొరికేసేవాడు.

అలాంటి స్టూడియో గదిలోనే మా అమ్మాయి దుకాణం పెట్టింది.

అద్దె తక్కువ. ఎందుకు తక్కువో అడగవే అని పోరాను. "దెయ్యం ఉంటే సగం అద్దె దాన్నే కట్టమంటాలే అమ్మా" అంది.

ఇక్కడ రాసేది చాలావరకు అది నాకు చెప్పిందే. చివర్న మాత్రం నేనూ ఉన్నాను. లేకపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక్కోసారి అనిపించదు.

దాని పని పాత ఫిల్ముల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం. ఒక లైటు పలక. పలక మీద ఫిల్ము పట్టీ. పైన స్టాండుకి ముఖం కిందికి వంచి బిగించిన కెమెరా. చేతులకి తెల్ల గ్లవుసులు. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదడం, పట్టీ జరపడం, నొక్కడం. మళ్ళీ ఊదడం, జరపడం, నొక్కడం. రోజంతా అంతే.

మొదటిసారి చూసినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. ఫిల్ములో అంతా తిరగబడి ఉంటుంది. జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా, కనుపాపలు తెల్లటి చుక్కల్లా...

"ఏమే, అందరూ దెయ్యాల్లా ఉన్నారు?"

"ఉండు, మనుషుల్ని చేస్తా" అని ఏదో నొక్కింది. నలుపు తెలుపయింది, తెలుపు నలుపయింది. ఎవరో పెళ్ళికూతురు నవ్వుతోంది.

జనం బాగానే వచ్చారు. చెప్పుల పెట్టెల్లో, మందుల కవర్లలో, పాత సాక్సుల్లో చుట్టి కూడా తెచ్చేవాళ్ళు. ఇంట్లో మూలన పడున్న సంసారమంతా మా అమ్మాయి బల్ల మీదికి వచ్చి పడేది.

ఈ పని అది ఊరికే ఎంచుకోలేదు. నాకు తెలుసు.

దానికి వాళ్ళ నాన్న ముఖం తెలియదు.

అది నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆయన పోయాడు. పని నుంచి వస్తూ, రోడ్డు మీద. ఆ ఉదయం జేబు గుండీ ఊడితే, తెల్ల దారం కనపడక నీలం దారంతో కుట్టి పంపాను. "బడికెళ్ళే పిల్లాడిలా ఉన్నాను" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. అంతే.

తర్వాతి వానలకి ఇల్లు మునిగింది. గోడ మీది పెళ్ళి ఫోటో, ఆల్బమ్, ఆయన గుర్తింపు కార్డులు, అన్నీ ముద్దయిపోయాయి. అటక మీద పెట్టిన ఫిల్ముల డబ్బా ఒక్కటే మిగిలింది. అందులో ఆయన ఉండడు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. నన్ను తీసేవాడు, పాపని తీసేవాడు, కిటికీలో పిల్లిని తీసేవాడు. ఎడమ కన్ను గట్టిగా మూసి. కెమెరా చేతిలో లేనప్పుడు కూడా, ఏదైనా ముచ్చటగా కనిపిస్తే అలాగే ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ అలవాటు చూసి నేను వెక్కిరించేదాన్ని.

"నాన్న ఎలా ఉండేవాడమ్మా?"

చిన్నప్పటి నుంచీ అదే ప్రశ్న. పొడుగు అనేదాన్ని. చామనఛాయ అనేదాన్ని. నుదురు నీలాగే అనేదాన్ని. మాటలు పేరిస్తే ముఖం వస్తుందా?

"ఆ డబ్బా ఇవ్వమ్మా. ఒక్కదాంట్లోనైనా ఉంటాడు. ఏ అద్దంలోనో... ఏ నీడలోనో..."

"లేడే."

"నువ్వు అన్నీ చూశావా?"

చూడలేదు. చూసే ధైర్యం లేదు. అందుకే ఇవ్వలేదు. వెతికి, లేడని తేలిపోతే దానికి ఇక ఆ ఆశ కూడా ఉండదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ స్టూడియో నడిచినన్నాళ్ళలో దాని మెట్లు నేను ఒక్కసారే ఎక్కాను. ఆయన పోయిన కొత్తలో. ఆయన కెమెరాలో రీలు అలాగే ఉండిపోయింది. పాపని భుజాన వేసుకుని వెళ్ళి, కెమెరా బల్ల మీద పెట్టాను. రీలు కడిగిపెట్టమని అడగబోయాను. ఏడుపొచ్చేసింది. స్టూడియో ఆయన ఏం అన్నాడో, నేనేం చెప్పానో... అంతా మసక. ఒకటే గుర్తు. రోజుల తరబడి గుక్కపట్టి ఏడ్చిన పాప, ఆ కాసేపు మాత్రం కిలకిలా నవ్వింది.

వింత మొదలైంది బ్యాంకులో పనిచేసే ఒక మేడమ్ గారి రీలుతో.

సాయంత్రం. పక్కన టైలరు మిషను చప్పుడు ఆగిపోయింది. ఆఖరి పట్టీ. అంచు మీది ఫోటో నంబర్లు అయిపోయాయి. అయినా ఒక ముక్క మిగిలి ఉంది. ఫోటో సగమే ఉంది, మిగతా సగం మాడినట్టు నల్లబడిపోయింది. ఇలాంటివి ఎవరూ ప్రింటు వేయించుకోరు, కంప్యూటర్లోకీ ఎక్కించరు. మా అమ్మాయి మాత్రం ఏదీ వదలదు. ఎందుకు వదలదో చెప్పాగా.

నొక్కింది.

ఒక పెద్దాయన. నోరు కొంచెం తెరిచి... ఏదో చెప్పబోతూ ఆగిపోయినట్టు... సూటిగా చూస్తున్నాడు. వెనకాల ఆకుపచ్చ తలుపు. తలుపు పైన ఎర్ర బల్బు. పక్కన గోడకి అద్దం. అద్దానికి దారంతో వేలాడుతున్న దువ్వెన.

ఎక్కడో చూసినట్టుంది అనుకుంది.

మెల్లగా తల తిప్పింది.

దాని కుర్చీ వెనకాలే... ఆకుపచ్చ తలుపు. ఎర్ర బల్బు. అద్దం. దువ్వెన కూడా.

మర్నాడు బ్యాంకు మేడమ్ వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా నాన్నగారు! ఈ ఫోటో మా ఇంట్లో లేదే... ఎక్కడిదమ్మా?"

"ఆయన ఇప్పుడు..."

"పోయారు. చాన్నాళ్ళైంది."

తర్వాత ఎవరిదో ఇంకో రీలు. చివరి ముక్కలో ఒక నడివయసాయన, చేతిలో గొడుగు. అదే తలుపు. అడిగితే, "మా పెదనాన్న. పోయాడు" అన్నారు. ఇంకో రీల్లో కళ్ళజోడు తుడుచుకుంటున్న ఒక ఆవిడ. అదే తలుపు. "మా అత్తగారు. పోయింది."

టైలరు తన అక్క వాళ్ళ రీలు తెచ్చాడు. దాని చివర్నా ఉన్నాడు ఒకాయన.

"ఈయనెవరు బాబాయ్?"

టైలరు కత్తెర కింద పెట్టాడు. "మా బావ." గొంతు తగ్గించాడు. "పోయాడు... చెప్పానా లేదా? ఆ గుమ్మం!"

అది ఇంటికొచ్చి ఇదంతా చెప్పినప్పుడు నాకు ముందు టైలరు మీదే అనుమానం వచ్చింది. ఆ గది మీద ఆయన కన్నుంది. గుడ్డల మూటలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని వీధంతా చెప్పుకుంటాడు. ఆడపిల్లని భయపెట్టి ఖాళీ చేయించాలని చూస్తున్నాడేమో.

"ఆయనే ఏదో చేస్తున్నాడే" అన్నాను.

"ఫోటోల్లో మనుషుల్ని కూడా బాబాయే కుట్టాడా అమ్మా?"

నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. ఆ మర్నాటి నుంచి వీపు గోడకి ఆనించి, తలుపు కనపడేలా కుర్చీ తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"మూసెయ్యవే ఆ దుకాణం. వేరే చోటు చూసుకుందాం."

అటక వైపు చూసింది.

"డబ్బా ఇవ్వు. అది ఒక్కటీ చేసేసి, మూసేస్తా."

బేరం పెట్టింది నాతో. దానికి కావలసింది నాకు తెలుసు, నాకు కావలసింది దానికి తెలుసు. అటక ఎక్కి డబ్బా దించి ఇచ్చాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇంటికి ఒక కాలికే చెప్పుతో వచ్చింది.

ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"రెండో చెప్పేదే?"

"కుక్క తరిమింది."

మా వీధి కుక్క ఎవరినీ తరమదు. లేవడానికే బద్ధకం దానికి.

ఆ రోజు నుంచి మొదలైంది దాని వరస. కూర్చుంటే "ఆయాసంగా ఉందా అమ్మా?", లేస్తే "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా?". బీపీ చూసే మిషను కొనుక్కొచ్చింది. స్నానాలగది బయట నిలబడి, నీళ్ళ చప్పుడు ఆగితే పిలిచేది. ఒక రాత్రి మెలకువ వచ్చింది. నా ముక్కు దగ్గర ఏదో. కళ్ళు సగమే తెరిచి చూశాను. దాని వేలు. నా ఊపిరి చూస్తోంది.

ఏదో దాస్తోంది.

అబ్బాయి వ్యవహారమా? అప్పులేమైనా చేసిందా? లేక నా రిపోర్టులేవైనా నాకు తెలియకుండా దీని చేతికొచ్చాయా? నిరుడు వేసుకున్న మాత్రలన్నీ గుర్తు చేసుకున్నాను.

"ఎవడే వాడు?" అని అడిగేశాను ఒక పూట.

"ఎవడు?"

"అదే నేనూ అడుగుతున్నాను."

"నీకు పిచ్చి పట్టిందమ్మా."

"నాకా? రాత్రిళ్ళు ముక్కు కింద వేలు పెట్టేది నేనా?"

ఇంకోలా అడిగాను. "డబ్బా అంతా చూశావా? నాన్న ఉన్నాడా?"

"లేడు."

మరీ తొందరగా చెప్పింది. నా కళ్ళలోకి చూడలేదు. ఇన్నేళ్ళు ఆ ముఖం కోసం తపించిన పిల్ల... లేడని తెలిస్తే ఏడవాలి కదా. ఏడవలేదు. భయపడింది.

గడ్డం పట్టుకుని ఇటు తిప్పాను. అప్పుడు కరిగింది.

"అమ్మా... ఆ తలుపు ముందు నిలబడ్డవాళ్ళంతా పోయారు."

"చెప్పావుగా."

"మన డబ్బాలో... ఒక రీలు చివర..." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వున్నావమ్మా."

చివరి ముక్క నొక్కిందట. నేను కనిపించానట. అదే తలుపు ముందు. అప్పుడే, సరిగ్గా అప్పుడే, తెర మీద ఎర్రటి వెలుతురు పడిందట. తలెత్తితే... తలుపు పైన బల్బు వెలుగుతోందట. ఆ గదిలో ఆ బల్బుకి స్విచ్చే లేదు. అది వెతికి చూసింది ఇంతకుముందే. ఇక చెప్పు ఎక్కడ ఊడిందో, షట్టరు ఎలా దించిందో దానికే తెలియదు.

నాకు ఒళ్ళు జల్లుమంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మనిషిని నేనూ. కానీ దాన్ని చూస్తే నా భయం కంటే దాని భయమే నాకు ఎక్కువ అనిపించింది.

"పద."

"ఎక్కడికి?"

"నన్ను నేను చూసుకోవాలి. పద."

మసక చీకటి పడుతోంది. టైలరు దుకాణం కట్టేశాడు. షట్టరు పైకి లేపితే లోపలి నుంచి ఫిల్ములు కడిగే పుల్లటి మందు వాసన, చెమ్మ వాసన. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. నేను టార్చి పట్టుకున్నాను. ఆకుపచ్చ తలుపు మూసే ఉంది. బల్బు ఆరే ఉంది.

"చూశావా, ఏమీ లే—"

బల్బు వెలిగింది.

గదంతా ఎర్రబడింది. మా చేతులు ఎర్రగా. దాని ముఖం ఎర్రగా. అద్దంలో మేమిద్దరం ఎర్రగా.

పైన ఏదో కదిలింది. టక్... టక్... గోడ అవతల, మెట్ల మీద. దిగుతోంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతోంది. మా అమ్మాయి గోళ్ళు నా మోచేతిలో దిగాయి. చప్పుడు కిందికి వచ్చింది. సందు తిరిగింది. షట్టరు ముందు ఆగింది...

"ఎవరే లోపల? దొంగలా, బేరమా?"

మేడ మీద ఉండే పెద్దావిడ. స్టూడియో ఆయన భార్య, ఈ గది అద్దెకిచ్చింది ఆవిడే. ఒక చేతిలో కర్ర. ఇంకో చేతిలో చెప్పు.

"ఇదిగో నీ చెప్పు. మా మెట్ల దగ్గర పడుంది. ఒక్క కాలితో పరిగెత్తే పోటీలేమైనా పెట్టారా?"

మా అమ్మాయి బల్బు వైపు వేలు చూపించింది.

"అదా? ఆ వైరింగు చేసినవాడికి దండం పెట్టాలి. నేను పైన మెట్ల లైటు వేస్తే కింద అదీ వెలుగుతుంది. ఆయన ఉన్నప్పుడు రోజూ అరిచేవారు. బాగు చేయిద్దామనుకుంటూనే వెళ్ళిపోయారు."

నేను గోడకి చేరగిలబడ్డాను. ఇన్నేళ్ళు వీధంతా భయపడి రోడ్డు దాటింది ఒక ముసలావిడ మెట్ల లైటుకి.

"పిన్నిగారూ, మరి ఆ ఫోటోలు?"

"ఏ ఫోటోలు?"

మా అమ్మాయి చెప్పింది. రీళ్ళ చివర మనుషులు. అదే తలుపు. అందరూ పోయినవాళ్ళు. పెద్దావిడ విని, స్టూలు మీద కూర్చుని నవ్వింది. కర్ర ఊగేలా నవ్వింది.

"మా వారి పిసినారితనం అది. కెమెరాలోంచి రీలు తీసే ముందు ఒకటో అరో ఫోటో మిగిలుంటే ఊరికే పోనిచ్చేవారు కాదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళని టక్కున నొక్కేసేవారు. కెమెరా ఎవరు తెస్తే వాళ్ళే పడేవాళ్ళు, పాపం, నోరు తెరుచుకుని. వచ్చినవాళ్ళ ముఖం మీద వెలుతురు పడాలని ఆయన వీధికి వీపు పెట్టి కూర్చునేవారు. అందుకే అందరి వెనకాలా ఆ తలుపే."

"ప్రింటు వేసేవారు కాదా?"

"అడగని ఫోటోకి డబ్బులెవరిస్తారే? ఫిల్ములోనే ఉండిపోయేవి."

"కానీ అమ్మమ్మగారూ, అందరూ పోయారు కదా..."

"కెమెరా పట్టుకుని వచ్చేది ఎవరు? ఇంటి పెద్దలు. అప్పటికే జుట్టు నెరిసినవాళ్ళు. ఇన్నాళ్ళు ఎలా ఉంటారు? నన్నూ ఎన్నోసార్లు నొక్కారు. నేను పోయానా? ఎవరు ఎక్కించారు నీకు ఇదంతా? ఆ టైలరేనా? గది అడిగాడు, ఇవ్వనన్నాను. అప్పట్నుంచీ ఇదే పాట."

నేను మా అమ్మాయి వైపు చూశాను. అది నా వైపు చూడలేదు. నా భుజంలో ముఖం దాచుకుని ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా.

"నువ్వు ఎక్కడికీ పోవడం లేదుగా?"

"ఎక్కడికే? ఇంటికి పోతాను. ఆ బీపీ మిషను తిరిగి ఇచ్చేసి రా."

అక్కడితో అయిపోయి ఉంటే, ఇది నలుగురికీ నవ్వుతూ చెప్పుకునే కథ.

"ఏదీ, చూపించు" అన్నాను నేనే. "అప్పుడెలా ఉన్నానో చూస్తాను."

కంప్యూటరు పెట్టింది. ఫోటో వచ్చింది.

నేను. జుట్టు రేగిపోయి, కళ్ళు ఉబ్బిపోయి. భుజం మీద పాప. చూడగానే అంతా గుర్తొచ్చింది. స్టూడియో ఆయన కెమెరా కంటికి పెట్టుకోవడం. "ఒక్కటి మిగిలిందమ్మా" అనడం. మెరుపు.

"నా ముఖమే పడలేదు" అంది మా అమ్మాయి. నిజమే. పాప వెనక్కి తిరిగి ఉంది. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

"మీ వెనకాల అంత నల్లగా ఉందేమిటి?" పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "తలుపు తీసుందా? అలా ఉండదే. ఆ తలుపు మీద చెయ్యి వేస్తే కసిరేవారు ఆయన. లోపల కడిగే ఫిల్ములు వెలుతురు తగిలి పాడైపోతాయని."

మిగతా అందరి ఫోటోల్లో తలుపు మూసి ఉంది. నా ఫోటోలో తెరిచి ఉంది.

"చీకట్లో ఏముందో తేలుస్తా ఉండండి" అంది మా అమ్మాయి. ఇప్పుడు దానికి భయం లేదు. అది దాని పని. ఏదో గీత మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

నలుపు కొంచెం విడింది. ఒక మోచెయ్యి.

ఇంకొంచెం జరిపింది. చొక్కా. జేబు.

"ఎవరో ఉన్నారమ్మా గుమ్మంలో... స్టూడియో తాతగారా?"

"ఆయన అక్కడెలా ఉంటారే? తీసేది ఆయనేగా. అదిగో, పక్కన అద్దంలో చూడు, మెరుపు, దాని పైన ఆయన బట్టతల. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి" అంది పెద్దావిడ.

నేను అద్దం చూడలేదు. జేబు చూస్తున్నాను. జేబు మీద గుండీ. గుండీ మధ్యలో దారం.

నీలం.

నలుపు ఇంకా విడింది. గడ్డం. పెదవులు. ముఖం.

ఎడమ కన్ను గట్టిగా మూసి ఉంది.

"ఆగాగు!" పెద్దావిడ కర్రతో నేల మీద పొడిచింది. "వీడే! ఒంటికన్ను మొగుడు! ఓహో... ఆ అమ్మాయివి నువ్వేనా తల్లీ? ఆ రోజు మా వారు పైకొచ్చి ఒకటే తిట్టడం. ‘జంటగా వచ్చారే. ఆ పిల్ల గుడ్లనీరు కుక్కుకుంటోంది. వాడు వెనకాల నిలబడి ఒక కన్ను మూసుకుని చూస్తున్నాడు. ఒక్క మాట అనడు. ఏం మొగుడో!’ అని. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు ఉలక్కుండా పలక్కుండా నిలబడినా ఒంటికన్ను మొగుడు అనే పిలిచాం."

నవ్వుతోంది ఆవిడ. నా చెవుల్లో ఏదో హోరు.

"ఒకదాని మీద ఒకటి పడే వీలుందా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముందు తీసిన ఫోటో... దీని మీద..."

"ఒక్కోసారి పడుతుందమ్మా. కానీ ముందు తీసినవన్నీ నువ్వూ నేనే. పిల్లి. ఇంకెవరూ లేరు." అది తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "అమ్మా... మొగుడు అంటున్నారేమిటి అమ్మమ్మగారు? ఎవరమ్మా?"

ఆ చొక్కా ఇంటికి తిరిగి రాలేదు. ఆయనతోనే పోయింది. నేను కెమెరా పట్టుకుని ఈ మెట్లు ఎక్కేనాటికి ఆయన పోయి వారం దాటింది.

"అమ్మా... నాన్నా?"

పొడుగు. చామనఛాయ. దాని నుదురే. ఇన్నేళ్ళు నేను మాటల్లో చెప్పలేనిదంతా అక్కడ ఉంది.

"ఊఁ" అన్నాను.

మా అమ్మాయి తెర మీద చెయ్యి పెట్టింది. గ్లవుసు తీసేసి పెట్టింది. నుదుటి మీద, బుగ్గ మీద, మూసిన కన్ను మీద. ఎంతసేపు అలా ఉందో. పెద్దావిడ నవ్వు ఆపేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ముగ్గురం కలిసి వచ్చామా అమ్మా ఇక్కడికి?"

స్టూడియో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు ఆ రోజు. ఇప్పుడు గుర్తొచ్చింది. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని, చేత్తో సైగ చేస్తూ... "దగ్గరికి జరగండి. అందరూ పడాలి." ఉన్నది నేనూ పాపే. అందరూ ఏమిటని నాకు అప్పుడు తోచలేదు.

దాని ముఖం నా వైపు తిరిగింది. తడిసి, వెలుగుతోంది. పుట్టిన ఇన్నేళ్ళలో ఆ ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు.

"ఊఁ" అన్నాను. "కలిసే వచ్చాం."

"అయితే నేను నాన్నని చూశానన్నమాట!"

తెర మీద పాప నా భుజం మీదుగా వెనక్కి వంగి ఉంది. ఒక చెయ్యి చీకటి వైపు చాచి ఉంది. ముఖం కనపడదు. కానీ ఆ నవ్వు నా చెవి పక్కన ఇప్పటికీ వినిపిస్తుంది.

"చూశావు తల్లీ" అన్నాను. "అదిగో... చూస్తున్నావుగా."